ఈ కాలవ ఎవులిది? సర్పంచి నుంచి జిల్లా పరిషత్ దాకా ఎవరి పని ఏది

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది సంతకవిటి మండలం. వానొస్తే వీధి కాలువ పొంగి మురుగంతా ఇళ్ల ముందు నిలబడుతోంది. సర్పంచిని అడిగితే ఎంపీటీసీకి (మండల పరిషత్తులో మీ సభ్యుడికి) చెప్పమన్నారు. ఎంపీటీసీ సచివాలయంలో అర్జీ పెట్టమన్నారు. సచివాలయంలో మండలానికి వెళ్లమన్నారు. పైగా కలెక్టరేమో విజయనగరంలో ఉంటారు, 2021లో గెలిచిన మీ జెడ్పీటీసీ (జిల్లా పరిషత్తులో మీ మండలం సభ్యుడు) మాత్రం సమావేశాలకు శ్రీకాకుళం వెళ్లేవారు. అసలు మేం ఎవరి కింద ఉన్నాం, ఎవరిని అడగాలి అన్నది మీ ప్రశ్న.

పంచాయతీ కార్యదర్శిగా చేరి ఈవోపీఆర్డీగా, అంటే మండలంలో పంచాయతీల పని చూసే అధికారిగా, రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఈ రెండు జిల్లాల్లోనే చేశాను. మీలాగే నాలుగు గుమ్మాలు తిరిగి అలసిపోయి కూర్చున్న మనుషుల్ని ముప్పై ఏళ్లపాటు చూశాను. తప్పు వాళ్లది కాదు. ఏ గుమ్మం దేనికో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, అంతే. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు మీ ఊళ్లో బడి బోర్డు గుర్తు చేసుకోండి. చిన్నప్పుడు చదివిన బడి మీద 'మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల' అని ఉంటుంది. తర్వాత వెళ్లిన హైస్కూలు మీద 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అని ఉంటుంది. రాజాం పట్టణంలోకి వెళ్తే 'పురపాలక' అన్న మాట కనిపిస్తుంది. మన స్థానిక ప్రభుత్వాల అమరిక అంతా ఆ బోర్డుల మీదే ఉంది. పల్లెల్లో గ్రామ పంచాయతీ, దాని పైన మండల పరిషత్తు, దాని పైన జిల్లా పరిషత్తు. పట్టణాల్లో అయితే నగర పంచాయతీ, మునిసిపాలిటీ, కార్పొరేషన్‌లలో ఏదో ఒకటే ఉంటుంది, అంచెలు ఉండవు. రాజాం మునిసిపాలిటీలో ఉన్నాయనకు సర్పంచి, ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎవరూ ఉండరు. ఆయనకు ఉండాల్సింది వార్డు కౌన్సిలరే.

ఇక ప్రతి అంచెలోనూ మూడింటిని వెతకాలి: ఓట్లతో గెలిచిన మనిషి, జీతం తీసుకుని సంతకం పెట్టే అధికారి, డబ్బు సంచి. పంచాయతీలో సర్పంచి, కార్యదర్శి, పంచాయతీ నిధి. మండలంలో మండల పరిషత్ అధ్యక్షులు (ఎంపీపీ), మండల పరిషత్ అభివృద్ధి అధికారి (ఎంపీడీవో), మండల పరిషత్ నిధి. జిల్లాలో జెడ్పీ చైర్‌పర్సన్, సీఈవో, జెడ్పీ నిధి. పట్టణంలో చైర్‌పర్సన్ లేదా మేయర్, కమిషనర్, మునిసిపల్ నిధి. ఈ మూడూ కలిసిన చోటే పని అవుతుంది. వీటిలో ఏ ఒక్కటి లేని చోట అర్జీ ఇస్తే అది ఇంకో చోటికి పోతూనే ఉంటుంది.

సచివాలయం దగ్గరే చాలామంది తికమక పడతారు. గ్రామ సచివాలయాలు 2019 అక్టోబరు 2న మొదలయ్యాయి. మైదాన ప్రాంతంలో సుమారు 2000 జనాభాకు ఒకటి చొప్పున పెట్టారు. అందులో వీఆర్వో, ఇంజినీరింగ్ అసిస్టెంట్, డిజిటల్ అసిస్టెంట్, ఏఎన్ఎం ఇలా చాలామంది ఉద్యోగులుంటారు. వాళ్లు రకరకాల శాఖల మనుషులు. సచివాలయం ప్రభుత్వ సేవా కేంద్రమే గాని ఎన్నికైన సంస్థ కాదు. పంచాయతీ అంటే రాజ్యాంగం గుర్తించిన ప్రభుత్వం. రెండూ ఒకే భవనంలో ఉండడం వల్ల జనం ఒకటే అనుకుంటున్నారు. పెద్ద పంచాయతీలో రెండు మూడు సచివాలయాలుంటాయి, చిన్న పంచాయతీలు రెండు కలిసి ఒకే సచివాలయం కిందకు వస్తాయి. మీ అర్జీ సచివాలయంలో కంప్యూటర్లోకి ఎక్కవచ్చు, రసీదు కూడా రావచ్చు. కాలువకు డబ్బు మంజూరు చేయాల్సింది మాత్రం పంచాయతీ పాలకవర్గమే.

పంచాయతీ గురించే కాస్త ఎక్కువ రాస్తాను, మీకు అసలు అవసరమైంది అదే గనక. జనాభాను బట్టి ఒక పంచాయతీకి 5 నుంచి 21 మంది దాకా సభ్యులుంటారు. సర్పంచిని ఊరంతా నేరుగా ఎన్నుకుంటుంది. ఒక్కో వార్డు ఒక్కో సభ్యుణ్ణి ఎన్నుకుంటుంది. ఆ వార్డు సభ్యులు తమలో ఒకరిని ఉపసర్పంచిగా ఎన్నుకుంటారు. పార్టీ గుర్తులు ఉండకూడదు. ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికలు మాత్రం పార్టీ గుర్తుల మీదే జరుగుతాయి. సర్పంచి ఒక పార్టీ మనిషి, ఎంపీటీసీ ఇంకో పార్టీ మనిషి అయిన ఊళ్లలో ఒకరి మీద ఒకరు పని నెట్టుకోవడానికి ఇది కూడా ఒక కారణం. మీ ఊళ్లో సంగతి నాకు తెలియదు గాని, ఎంపీటీసీకి పంచాయతీ మీద అధికారం ఏమీ లేదు. ఎంపీటీసీ అంటే మండల పరిషత్తులో మీ తరఫున కూర్చునే సభ్యుడు. మూడు నాలుగు వేల జనాభాకు ఒకరుంటారు. వీధి కాలువ విషయంలో మిమ్మల్ని ఆయన దగ్గరికి పంపడం సరైన దారి కాదు.

వీధి దీపాలు, ఊరి లోపలి రోడ్లు, మురుగు కాలువలు, చెత్త, మంచినీటి బావుల్లో క్లోరినేషన్, శ్మశానం, సంత ఇవన్నీ పంచాయతీవి. వీటికి డబ్బు ఎక్కడిది? ఇంటిపన్ను, నీటి పన్ను, సంత పాట, పంచాయతీ చెరువుల్లో చేపల పాట, రిజిస్ట్రేషన్ల మీద వచ్చే వాటా. మన వైపు చిన్న పంచాయతీల్లో ఇవన్నీ కలిపినా పారిశుధ్య కార్మికుల జీతాలకే సరిపోవు. కాబట్టి అసలు ఆధారం కేంద్ర ఆర్థిక సంఘం నిధులే. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చిన గ్రాంట్లలో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలని షరతు పెట్టింది. మురుగు కాలువ ఆ అరవైలోకి వస్తుందమ్మా. అందుకే "నిధులు లేవు" అన్న మాటను నోటి మాటగా తీసుకోకండి. ఈ-గ్రామస్వరాజ్ పోర్టల్‌లో మీ పంచాయతీ పేరు కొడితే ఏ ఏడు ఏ పనికి ప్రణాళిక వేశారో, ఎంత ఖర్చయిందో కనిపిస్తుంది. ముందు అది చూసి, తర్వాత కార్యదర్శి ముందు కూర్చోండి.

అయితే సర్పంచులకు న్యాయం చేయాలంటే ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్రం ఈ నిధులు ఆపేస్తుంది. మన రాష్ట్రంలో 2018 ఆగస్టులో సర్పంచుల గడువు ముగిసి, 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారులే నడిపారు. ఆ రెండున్నరేళ్లలో పంచాయతీలు ఎంత చితికిపోయాయో నేను దగ్గరుండి చూశాను. ఎన్నికలయ్యాక కూడా, వచ్చిన డబ్బును కరెంటు బకాయిలకు సర్దేశారని సర్పంచులు రాష్ట్రమంతా రోడ్డెక్కారు. ఇల్లు అమ్మి, అప్పు తెచ్చి ఊరికి పని చేయించి, బిల్లు కోసం తిరిగిన సర్పంచులు నాకు తెలుసు. మీ సర్పంచి మిమ్మల్ని పక్కకు పంపారంటే అది నిర్లక్ష్యమే కానక్కర్లేదు, చేతిలో ఏమీ లేని మొహమాటం కూడా కావచ్చు. అడిగేటప్పుడు ఇది మనసులో పెట్టుకుంటే మాట మెత్తగా వస్తుంది.

మండల పరిషత్తు గురించి కొంచెమే చెప్తాను. పాత రోజుల్లో దీని స్థానంలో పంచాయతీ సమితి ఉండేది. బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో మూడంచెల పద్ధతి చెప్పింది. రాజస్థాన్ తర్వాత 1959 నవంబరు 1న మన రాష్ట్రమే దాన్ని అమల్లోకి తెచ్చింది. 1980ల మధ్యలో ఎన్టీ రామారావు ప్రభుత్వం తాలూకాలనూ సమితులనూ తీసేసి చిన్న చిన్న మండలాలు చేసింది. ఇప్పటికీ మన పెద్దవాళ్లు ఎంపీడీవో ఆఫీసును 'సమితాఫీసు' అనే అంటారు. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోకి వెళ్తే అక్కడ ఈనాటికీ పంచాయతీ సమితే. మండల పరిషత్తు అధ్యక్షుణ్ణి మనం ఎన్నుకోం, ఎంపీటీసీలు తమలో తాము ఎన్నుకుంటారు. పంచాయతీకీ జిల్లాకూ మధ్య నలిగిపోయిన అంచె ఇది. బడులున్నాయి గాని టీచర్లు విద్యాశాఖ చేతిలో ఉన్నారు. చిన్న చిన్న పనులకు మించి డబ్బు లేదు. నా అభిప్రాయంలో మూడింటిలోనూ బలహీనమైనది ఇదే. ఇక్కడే ఇంకో మాట: తహసీల్దారు, ఎంపీడీవో ఒకరు కాదు. భూమి, పట్టా, కుల ధ్రువపత్రం తహసీల్దారు వైపు. పంచాయతీ పనుల మీద అజమాయిషీ ఎంపీడీవో వైపు.

ఇప్పుడు మీ రెండు జిల్లాల చిక్కు. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న విశాఖపట్నం నుంచి విడిపోయింది. శ్రీకాకుళం, విశాఖ జిల్లాల భాగాలు కలిపి 1979 జూన్ 1న విజయనగరం జిల్లా చేశారు. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలను 26 చేసినప్పుడు పార్వతీపురం మన్యం పుట్టింది. అప్పటిదాకా శ్రీకాకుళంలో 38 మండలాలు, విజయనగరంలో 34 ఉండేవి. మీ సంతకవిటి, రాజాం, రేగిడి ఆమదాలవలస, వంగర ఈ నాలుగూ శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వచ్చాయి. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మన్యం జిల్లాకు పోయాయి. అలా శ్రీకాకుళానికి 30, విజయనగరానికి 27, మన్యానికి 15 మండలాలు మిగిలాయి.

అప్పుడు మారింది మాత్రం రెవెన్యూ జిల్లా. అంటే కలెక్టరు, ఎస్పీ, శాఖల ఆఫీసులు. జిల్లా పరిషత్తు అంతకు ముందే, 2021 సెప్టెంబరులో, పాత హద్దులతో ఎన్నికై ఉంది. గెలిచిన సభను గడువు మధ్యలో ముక్కలు చేయకుండా పాత 13 జిల్లా పరిషత్తులనే కొనసాగించారు. అందుకే మీ కలెక్టరు విజయనగరంలో ఉంటే, మీ జెడ్పీటీసీ కూర్చున్న సభ శ్రీకాకుళంలో జరిగింది. పాలకొండ వాళ్లదీ ఇదే పరిస్థితి. ఒకే సభకు మూడు జిల్లాల అధికారులు రావాల్సి వచ్చేది. దీని వల్ల మీ ప్రాంతం నష్టపోయిందనే నేను నమ్ముతున్నాను. ఎందుకంటే జిల్లా పరిషత్తులో మాట పనిగా మారాలంటే, సభ్యుడు ప్రశ్న వేసిన గదిలోనే జవాబు చెప్పాల్సిన అధికారి ఉండాలి.

జెడ్పీలో మండలానికి ఒక్కరే జెడ్పీటీసీ. చైర్‌పర్సన్‌ను వాళ్లే ఎన్నుకుంటారు. ఎమ్మెల్యేలు, ఎంపీలు హోదా రీత్యా సభ్యులు. ఏడు స్థాయీ సంఘాలుంటాయి: ప్రణాళిక-ఆర్థికం, గ్రామీణాభివృద్ధి, వ్యవసాయం, విద్య-వైద్యం, స్త్రీ సంక్షేమం, సాంఘిక సంక్షేమం, పనులు. అసలు చర్చ ఆ సంఘాల్లోనే జరుగుతుంది, పేపర్లో వచ్చే గొడవ మాత్రం సర్వసభ్య సమావేశానిది. మీ ఒక్క వీధి కాలువను అక్కడిదాకా తీసుకెళ్లక్కర్లేదు. ఊరి నుంచి ఊరికి పోయే పంచాయతీరాజ్ రోడ్డు, జెడ్పీ హైస్కూలు ప్రహరీ, పది ఊళ్లకు నీళ్లిచ్చే పథకం లాంటివైతే అది సరైన చోటు. ఉద్దానం తాగునీటి పథకం లాంటి వందల కోట్ల పనులు ఇక ఏ స్థానిక సంస్థ చేతికీ అందవు, అవి రాష్ట్ర ప్రభుత్వానివే.

దేశమంతా ఇలాగే ఉంటుందా అని కూడా అడిగారు. చట్రం ఒకటే, లోపలి గదులు వేరు. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న, పట్టణాల కోసం 74వ సవరణ అదే ఏడాది జూన్ 1న అమల్లోకి వచ్చాయి. ఐదేళ్లకోసారి ఎన్నిక, రాష్ట్ర ఎన్నికల సంఘం, ఎస్సీ, ఎస్టీ, మహిళా రిజర్వేషన్లు, రాష్ట్ర ఆర్థిక సంఘం ఇవి దాదాపు అన్ని రాష్ట్రాలకూ తప్పనిసరి. కానీ పంచాయతీలకు రాసిన 29 అంశాలు, పట్టణాలకు రాసిన 18 అంశాలు ఎంతవరకు అప్పగించాలో రాష్ట్రాల ఇష్టానికి వదిలేశారు. కేరళలో 941 గ్రామ పంచాయతీలే. ఒక్కోటి మన దగ్గర చిన్న పట్టణమంత. మన రాష్ట్రంలో 13 వేలకు పైగా ఉన్నాయి. పెద్ద పంచాయతీకి సిబ్బంది, ఇంజినీరు, ఆదాయం ఉంటాయి. చిన్న పంచాయతీలో సర్పంచి ఇంటి అరుగు మీదే ఊరి సమస్య వినేవాళ్లుంటారు. నేను రెండోదాని వైపే. కాకపోతే దానికి తగిన డబ్బు ఇవ్వాలి.

హద్దు అన్నది ఎంత పెద్ద విషయమో చూడాలంటే సాలూరు పైన కొటియా గ్రామాలకు వెళ్లాలి. ఆ 21 ఊళ్లు తమవంటే తమవని ఆంధ్ర, ఒడిశా దశాబ్దాలుగా వాదించుకుంటున్నాయి. 2021 ఫిబ్రవరిలో మన వైపు నుంచి అక్కడ మూడు పంచాయతీలకు ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. రెండు రాష్ట్రాల కార్డులూ చేతిలో ఉన్న గిరిజనులు అక్కడున్నారు. ఇద్దరు అధికారులు వస్తారు, అయినా కొండ మీద దారి కోసం ఎవరిని అడగాలో తెలియదు. మీ చిక్కు కూడా చిన్న రూపంలో అదే. కొండ ప్రాంతంలో షెడ్యూల్డ్ ఏరియాకు 1996 నాటి పెసా చట్టం ఉంది, అక్కడ గ్రామసభకు మనకన్నా ఎక్కువ అధికారాలు. అది వేరే పెద్ద కథ, ఇక్కడ వదిలేస్తున్నాను.

పట్టణాల సంగతి క్లుప్తంగా. విజయనగరం కార్పొరేషన్‌కు 2021 మార్చిలో 50 డివిజన్లకు ఎన్నికలు జరిగాయి. శ్రీకాకుళం మునిసిపాలిటీని కార్పొరేషన్ చేశారు గాని, చుట్టుపక్కల గ్రామాల విలీనం మీద వివాదాలతో ఏళ్ల తరబడి ఎన్నికల్లేకుండా ప్రత్యేకాధికారి పాలనే నడిచింది. జిల్లా కేంద్రంలో మనిషికి వెళ్లి అడగడానికి కార్పొరేటరే లేకపోవడం నన్ను చాలా బాధ పెట్టింది.

ఇక మీ కాలువ దగ్గరికి వస్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్లో అచ్చం ఇలాంటిదే ఎదురైంది. కాలువ వీధిలో మొదలై, ఆర్‌అండ్‌బీ రోడ్డు కింద తూములోంచి దాటి, అవతల గెడ్డలో, అంటే వాగులో, కలిసేది. వీధిలో ముక్క పంచాయతీది. తూము రోడ్డు శాఖది. గెడ్డ సాగునీటి శాఖది. ఎవరి ముక్క వాళ్లు బాగానే ఉందనేవారు, నీళ్లు మాత్రం వెనక్కి తన్నేవి. గ్రామసభలో ఒక ముసలమ్మ లేచి, "ఈ కాలవ ఎవులిది బాబూ? మీరు తేల్చీదాకా నాను కూకోను" అంది. నిజంగానే కూర్చోలేదు. ఆ రోజు సర్పంచి చేత తీర్మానం రాయించాం. ఏ గజం నుంచి ఏ గజం దాకా ఏ శాఖదో కొలిపించి రాశాం. ఆ తీర్మానం నకళ్లు మూడు శాఖలకూ పంపాం. ముగ్గురు ఇంజినీర్లు ఒకే రోజు వచ్చి చూడడానికి ఆరు నెలలు పట్టింది, తూము మార్చడానికి ఇంకో ఏడాది. కానీ మారింది. అంతకు ముందు ఇచ్చిన అర్జీలన్నీ ఎక్కడున్నాయో ఎవరికీ తెలియలేదు. తీర్మానం మాత్రం మినిట్స్ పుస్తకంలో ఉంది, ఆడిట్‌కు వచ్చినవాళ్లు కూడా చదివారు.

అందుకని మీరు చేయాల్సింది ఇది. ముందు కాలువ వెంట నడవండి. ఎక్కడ మొదలైంది, ఏ రోడ్డు పక్కన పోతోంది, చివరకు ఎక్కడ కలుస్తోంది, నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి, ఫోన్లో ఫొటోలు తీయండి. అంతా వీధుల్లోనే ఉంటే పని పూర్తిగా పంచాయతీదే. మీ వార్డు సభ్యుణ్ణి కలవండి, ఆయన్ని ఎవరూ అడగరు గనక సంతోషంగా వస్తారు. నెలనెలా జరిగే పంచాయతీ సమావేశంలో విషయం పెట్టించమనండి. తర్వాత గ్రామసభ. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ అందులో సభ్యులే, మిమ్మల్ని ఎవరూ పిలవక్కర్లేదు, మాట్లాడనివ్వకుండా ఆపే హక్కు కూడా ఎవరికీ లేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు, ఆ రోజు మీ ఊళ్లో ఏ పనులు రాశారో కూడా అడగండి. మీ వీధి నుంచి ఒక్కరు కాకుండా పది మంది ఆడవాళ్లు కలిసి వెళ్లండి. కాలువ పక్కన నీళ్లు తోడేది వాళ్లే, గట్టిగా చెప్పగలిగేదీ వాళ్లే.

తీర్మానం రాశాక దాని నకలు అడగండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, గ్రామ స్థాయిలో ఆ దరఖాస్తుకు రుసుము లేదు. మండల స్థాయిలో అయితే 5 రూపాయలు, జిల్లాలో 10. అప్పటికీ కదలకపోతే ఆ నకలు జతచేసి ఎంపీడీవోకు, తర్వాత జిల్లా పంచాయతీ అధికారికి రాయండి. సోమవారం కలెక్టరేట్ అర్జీల రోజున విజయనగరమే వెళ్లాలి, శ్రీకాకుళం కాదు.

ఇంకొకటి. 21 ఏళ్లు నిండితే వార్డు సభ్యురాలిగా నిలబడవచ్చు, మన రాష్ట్రంలో స్థానిక సంస్థల్లో సగం పదవులు ఆడవాళ్లవే. ఇంత ఓపిగ్గా నాలుగు ఆఫీసులు తిరిగినవారు ఆలోచించాల్సిన విషయం.

కాలువ నడిచి చూశాక, ఎక్కడ మొదలై ఎక్కడ కలుస్తోందో నాకు రాయండి. గ్రామసభలో పెట్టే తీర్మానం ముసాయిదా నేను రాసి పెడతాను.